నలభై గుండ్లా? అరవై గుండ్లా?

హస్తినాపురంలో రాజకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన జరుగుతోంది. అర్జునుడు తనకొచ్చిన విద్యలన్నీ చూపించి జనంచేత జేజేలు కొట్టించుకున్నాడు. అంతలో కర్ణుడు రంగంలోకి వచ్చాడు. అతను చేసినవన్నీ నేనూ చేస్తానన్నాడు, చేసి చూపించాడు కూడా. ఇక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే సమయానికి కృపాచార్యులవారు లేచారు. నీ గురి ఎంతని అడగలేదాయన. నీ వంశమేమిటని అడిగారు. కర్ణుడు తల వంచుకున్నాడు.

ఈ కథ మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. హరికథల్లో విన్నాం, సినిమాల్లో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. పోటీ అనేది పుట్టినప్పుడే దానితోపాటు పుట్టిన పేచీ ఒకటుంది ఇందులో. ఎవరు ఎవరితో పోటీ పడాలి? ఆ గీత ఎవరు గీయాలి? అసలు గీతే వద్దనడానికీ వీల్లేదు. కుస్తీ గోదాలో బక్కపలచని కుర్రాణ్ణి కొండలాంటి వస్తాదు మీదికి వదిలితే అది పోటీ అనిపించుకోదు. సమ ఉజ్జీలను ఏరడం న్యాయమే. అయితే గీత గీసే పెద్దమనిషి దేన్ని చూసి గీస్తున్నాడన్నదే ప్రశ్న.

ఈ సంగతి చెప్పడానికి నేను ఎంచుకున్న ఆట మీకు కాస్త వింతగా తోచవచ్చు. ఎయిర్ గన్‌తో గురి కాల్చడం! "మనకెందుకమ్మా తుపాకుల గొడవ" అని పేజీ తిప్పేయకండి. ఈ ఆటలో పరుగు లేదు, గెంతు లేదు, కండబలంతో పని బహు తక్కువ. కదలకుండా నిలబడాలి, ఊపిరి అదుపులో పెట్టుకోవాలి, మనసు చెదరకుండా వేలు మెల్లిగా నొక్కాలి. ఆడదానికి చేతకాదనడానికి ఇందులో ఏముంది చెప్పండి? అందుకే ఈ ఆట చరిత్రలో గీసిన గీతల్లో న్యాయమెంతో, అలవాటు ఎంతో తేటతెల్లంగా కనబడుతుంది.

తిరునాళ్ళలోనో, హైదరాబాదు నుమాయిష్‌లోనో చెక్కమీద రంగురంగుల బుడగలు కట్టి, డబ్బులిచ్చిన వాళ్ళ చేతికి గాలి తుపాకి ఇచ్చే దుకాణం మీరంతా చూసే ఉంటారు. అక్కడ తాతగారూ కాలుస్తారు, మనవడూ కాలుస్తాడు, కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడుతూనే ఓ చెయ్యి చూస్తుంది. వర్గాలు లేవు, వయసు తేడాలు లేవు. బుడగ పెద్దది కాబట్టి అందరికీ ఒకటో రెండో పేలతాయి, అందరూ నవ్వుకుంటూ ఇంటికెళతారు. సరదాకి పెట్టిన గురి సరదాగానే ఉండాలి మరి!

అసలు పోటీల సంగతి వేరు. దూరం పది మీటర్లు. మన పాతకాలపు ఇళ్ళలో వీధి గుమ్మంలో నిలబడి పెరటి గుమ్మం వైపు చూసినంత. ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, ఓ చిన్న వడియమంత. దాని నడిమధ్యన పది మార్కుల చుక్క ఉంటుంది. అది ఎంతనుకున్నారు? సరిగ్గా అర మిల్లీమీటరు. గసగసాల గింజ కూడా దానికంటే పెద్దదే! కాల్చే సీసపు గుండు 4.5 మిల్లీమీటర్లు, మినపగింజ పాటిది. ఆ గుండు అంచు చుక్కకి తగిలినా పది మార్కులూ వస్తాయి. అలా తగిలించడానికే ఏళ్ళు పడుతుంది.

అదే ఎయిర్ పిస్టల్‌కైతే పది మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లు, మనం పెట్టుకునే పెద్ద బొట్టుబిళ్ళంత. ఏమిటీ పక్షపాతం అంటారా? పిస్టల్‌ని ఒంటి చేత్తో చాచి పట్టుకుని కాల్చాలి. రైఫిల్‌కి భుజం ఆసరా ఉంది, రెండు చేతులూ ఉన్నాయి. పనిముట్టునిబట్టి గురి పెట్టారన్నమాట. ఇది న్యాయమైన గీత. పిండి జల్లించే జల్లెడతో రవ్వ జల్లించమని ఎవరూ అనరు కదా!

ఇంగ్లండులో ఈ ఆట పెద్దపెద్ద మైదానాల కంటే పబ్బుల్లో ఎక్కువ బతికింది. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ అనే తుపాకుల తయారీదారు 1904లో ఒక ఎయిర్ రైఫిల్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1905 నుంచి బి.ఎస్.ఎ. కంపెనీ అలాంటివి తయారుచేసి అమ్మింది. ఆ చుట్టుపక్కల పబ్బుల్లో "బెల్ టార్గెట్" అనే ఆట బాగా పాకింది. ఒక ఇనప పలక, దాని మధ్య మూడు బై ఎనిమిది అంగుళాల చిల్లు, చిల్లు వెనకాల గంట. ఆరు గజాల దూరం నుంచి కాల్చాలి. గుండు చిల్లులోంచి దూరితే గంట ఠంగుమంటుంది. పగలంతా ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి సాయంత్రం ఆ గంట మోగించి మురిసిపోయేవాడు. సామాన్యుడి జేబుకి అందేంత ఖర్చు, గదిలో పట్టేంత దూరం, చెవికి వినిపించేంత ఫలితం. ఆ ఆటకి ఆ గురి సరిగ్గా అతికింది.

1980 దశకం మొదట్లో అదే ఇంగ్లండులో "ఫీల్డ్ టార్గెట్" అనే ఇంకో పద్ధతి మొదలైంది. చెట్లమధ్యనా పొదలమధ్యనా ఇనపరేకుతో చేసిన కుందేలూ కాకీ వంటి బొమ్మలు నిలబెడతారు. బొమ్మలో ఉన్న చిన్న గుండ్రటి చిల్లు వెనక మీటకి గుండు తగిలితే బొమ్మ వెనక్కి పడిపోతుంది. చిల్లు అంచుకి తగిలితే మాత్రం పడదు. దూరం ఎంతో ఎవరూ చెప్పరు, ఎవరికి వాళ్ళు అంచనా కట్టుకోవలసిందే.

ఇక్కడ వర్గాలు ఎలా ఏర్పడ్డాయో చూడండి. ఎయిర్ గన్‌లలో ఒక రకం స్ప్రింగుతో పనిచేస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగు విడివడి ముషలకాన్ని ముందుకి తోస్తుంది. గుండు గొట్టం దాటి బయటికి వచ్చేలోపలే తుపాకి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుని కాచుకుంటూ కాల్చడం ఒక విద్య. ఇంకో రకంలో గాలిని ముందుగానే ఒత్తిడితో నింపి ఉంచుతారు. అది పాలు తాగి పడుకున్న పసిపాపలా నిశ్చలంగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. ఈ రెంటినీ ఒకే వరసలో నిలబెడితే చేతి నేర్పుకంటే చేతిలోని వస్తువుకే బహుమతి వచ్చే ప్రమాదముంది. అందుకని స్ప్రింగు తుపాకుల వాళ్ళకి వేరే బహుమతి పెట్టారు. కాల్చేవాళ్ళని కూడా వాళ్ళ వాళ్ళ సగటు మార్కులనుబట్టి ఎ.ఎ., ఎ, బి, సి అని శ్రేణులుగా విడదీశారు. కొత్తగా వచ్చినవాడు సి శ్రేణిలో తనలాంటివాళ్ళతో తలపడతాడు. నేర్పు పెరిగితే శ్రేణి మారుతుంది. ఆ గీత గోడలాంటిది కాదు, మెట్టులాంటిది.

జర్మనీ క్లబ్బుల్లో వయసు మళ్ళినవాళ్ళకి తుపాకిని ఒక ఆనుడుకర్ర మీద ఆనించి కాల్చే ప్రత్యేకమైన పోటీ ఉంది. మోకాళ్ళూ నడుమూ సహకరించని రోజుల్లో ఆట మానుకుని ఇంట్లో కూర్చోమనకుండా ఆటనే కాస్త వాళ్ళ దగ్గరికి జరిపారు. బామ్మగారికి పీట తెచ్చి వేసినట్టుగా!

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఆడవాళ్ళ సంగతో?

ఒలింపిక్స్ షూటింగులో 1968లో మెక్సికో నగరంలో మొదటిసారి స్త్రీలు కనిపించారు. అప్పట్లో వాళ్ళకి విడిగా పోటీలు లేవు. మగవాళ్ళతో కలిసే కాల్చాలి. 1976లో మాంట్రియల్‌లో జరిగిన 50 మీటర్ల చిన్నబోరు రైఫిల్ పోటీలో అమెరికా తరఫున ఇద్దరు నిలబడ్డారు. ఒకరు లానీ బాషమ్, రెండో ఆవిడ మార్గరెట్ మర్డాక్. ఈమెది కాన్సాస్ రాష్ట్రం, వృత్తి నర్సు పని. అంతకుముందు 1970లో ప్రపంచ పోటీల్లో నిలబడి కాల్చే అంశంలో మగవాళ్ళందరినీ దాటి విజేత అయింది. అప్పటికి ఆవిడకి నాలుగో నెల!

మాంట్రియల్‌లో ఇద్దరికీ సమానంగా 1162 మార్కులు వచ్చాయి. నిబంధనల ప్రకారం టార్గెట్ కాగితాలు పరిశీలించి బాషమ్‌కి బంగారు పతకం, మర్డాక్‌కి వెండి పతకం అన్నారు. ఇద్దరికీ బంగారం ఇవ్వమని బాషమ్ అడిగాడు. కుదరదన్నారు. పతకాల వేళ జాతీయగీతం మొదలయ్యేసరికి అతను కిందిమెట్టు మీదున్న మర్డాక్‌ని చెయ్యి పట్టుకుని తన మెట్టుమీదికి లాక్కున్నాడు. గీతం అయ్యేదాకా ఇద్దరూ ఒకే మెట్టుమీద నిలబడ్డారు. ఒలింపిక్స్ షూటింగులో పతకం గెలిచిన మొదటి స్త్రీ ఆవిడే. నిబంధనల పుస్తకానికి తోచనిది ఓ మనిషికి తోచింది చూశారా!

ఎనిమిదేళ్ళకి, 1984లో లాస్ ఏంజిలిస్‌లో స్త్రీలకి ప్రత్యేకంగా మూడు షూటింగ్ పోటీలు పెట్టారు. ఎయిర్ రైఫిల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందీ అప్పుడే, పురుషులకొకటి, స్త్రీలకొకటి. మంచిదే కదా అనిపిస్తుంది. నిజంగానే మంచిది. కలిపి ఆడేరోజుల్లో చాలా దేశాలు తమ జట్టులోకి ఆడవాళ్ళని ఎంచుకునేవే కావు. విడిగా పోటీ పెట్టాక ప్రతి దేశమూ తన అమ్మాయిలకి తుపాకీ ఇచ్చి నేర్పక తప్పలేదు. ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో!

కాని తలుపు తెరుస్తూనే ఒక మెలిక పెట్టారు. మగవాళ్ళకి అరవై గుండ్లు, ఆడవాళ్ళకి నలభై. ఎందుకట? అదే చుక్క, అదే పది మీటర్లు, అవే గుండ్లు. తేడా అల్లా లెక్కలోనే. ఆడవాళ్ళు పాపం అలిసిపోతారని కాబోలు! నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేతిని తుంటికి ఆనించి, తుపాకి బరువుని కండలకి వదలకుండా ఎముకలమీద నిలుపుతారు. చంటిపిల్లని చంకనేసుకుని ఒంటిచేత్తో కూర కలియబెట్టే తల్లి రోజంతా చేసేదదే. రైఫిల్ బరువు ఎంత ఎక్కువైనా అయిదున్నర కిలోలు మించకూడదు. అయిదున్నర కిలోల పిల్లని మోయడానికి మనకి ఎవరైనా నలభై నిమిషాల హద్దు పెట్టారా?

ఆ 1984 లెక్కలే ఓసారి చూడండి. పురుషుల ఎయిర్ రైఫిల్‌లో ఫ్రాన్సుకి చెందిన ఫిలిప్ హెబెర్లే 600కి 589 మార్కులతో గెలిచాడు. స్త్రీలలో అమెరికా అమ్మాయి పాట్ స్పర్జిన్ 400కి 393 తెచ్చుకుంది. పెన్సిలు తీసుకుని భాగహారం చేయండి. అతనికి గుండుకి సగటున 9.817, ఆమెకి 9.825. అందువల్ల ఆ అమ్మాయే గొప్పదని నేననను. నలభై గుండ్ల దగ్గర నిలిచిన మనసు అరవయ్యో గుండు దాకా నిలవకపోనూవచ్చు, నిలవనూవచ్చు. పందెం పొడుగయ్యేకొద్దీ అదృష్టం పాలు తగ్గి నేర్పు పాలు పెరుగుతుంది. ఆ నేర్పు చూపించే ఇరవై గుండ్లూ ఆమెకివ్వలేదన్నదే నా బాధ. పోల్చి చూసే వీలు లేకుండా చేసి, "మీ లెక్క వేరు, మా లెక్క వేరు" అనేశారు.

స్కూలు వార్షికోత్సవాల్లో తల్లులకి పెట్టే పోటీలు మీకు తెలియనివా? చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట. గెలిచినావిడకి ఓ ప్లాస్టిక్ డబ్బా, చప్పట్లు, వెనకాలనుంచి కాస్త నవ్వు. వాళ్ళు మనల్ని ఆడించలేదనడానికి లేదు. ఆడించారు. కాని ఆటని చిన్నది చేసి ఆడించారు. ముద్దుచేస్తున్నట్టుగా తగ్గించడమంటే అదే. తగ్గించినవాళ్ళకి దయ చూపించిన తృప్తి మిగులుతుంది, తగ్గినవాళ్ళకి అడగడానికి నోరు రాదు.

కలిపి ఉంచినచోట ఏమైందీ అంటారా? 1992లో బార్సిలోనాలో స్కీట్ అనే పోటీకి స్త్రీ పురుషులిద్దరూ అర్హులే. ఎగిరే మట్టి పళ్ళేలని కాల్చే ఆట అది, ఎయిర్ గన్ కాదు. చైనాకి చెందిన జాంగ్ షాన్ అనే అమ్మాయి మగవాళ్ళందరినీ ఓడించి బంగారు పతకం గెలిచింది. తర్వాతి ఒలింపిక్స్‌కి, అంటే 1996కి, ఆ పోటీ పురుషులకే పరిమితమైంది. స్త్రీలకి వేరే స్కీట్ పెట్టిందేమో 2000లో. మధ్యలో విజేతగారు తన పతకాన్ని నిలబెట్టుకోవడానికి రంగంలోకి దిగే దారే లేకపోయింది. అమెరికా విశ్వవిద్యాలయాల రైఫిల్ పోటీల్లో మాత్రం 1980 నుంచీ అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే వరసలో కాలుస్తున్నారు. అక్కడ ఎయిర్ రైఫిల్ కూడా ఉంది. 2010లో టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున అందరూ అమ్మాయిలే ఉన్న జట్టు ఆ జాతీయ పోటీ గెలిచింది. ఆ పోటీల మార్కులు పట్టుకుని పరిశోధకులు లెక్కలు కట్టి చూస్తే స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గీత ఎలా గీయాలో నేర్చుకోవాలంటే పారాలింపిక్స్ షూటింగు చూడాలి. అక్కడ ఎస్.హెచ్.1, ఎస్.హెచ్.2 అని రెండు వర్గాలున్నాయి. తుపాకి బరువుని తన చేతులతో తానే మోయగలిగిన రైఫిల్ షూటర్లు మొదటి వర్గం. మోయలేనివాళ్ళు రెండో వర్గం, వాళ్ళకి తుపాకిని నిలిపే స్టాండు ఇస్తారు. నీకేం జబ్బు, ఎప్పుడొచ్చింది అని ఆరాలు తీయడం కంటే, కాల్చడానికి నీకేం సాయం కావాలి అన్నదే అక్కడ ప్రశ్న. ఇందులో కొన్ని పోటీల్లో స్త్రీ పురుషులు కలిసే పాల్గొంటారు. మన జైపూరు అమ్మాయి అవని లేఖరా చక్రాల కుర్చీలో కూర్చుని 2021లో టోక్యోలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచింది. పారాలింపిక్స్‌లో బంగారం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2024లో పారిస్‌లో మళ్ళీ గెలిచింది.

ఇక నలభై, అరవైల ముచ్చటకొస్తాను. ముప్ఫై ఏళ్ళు దాటాక, 2018 నుంచి అంతర్జాతీయ సమాఖ్య స్త్రీలకీ అరవై గుండ్లు చేసింది. అంతకుముందు ఆడవాళ్ళకి నలభై గుండ్లకి యాభై నిమిషాలు, మగవాళ్ళకి అరవైకి డెబ్భై అయిదు నిమిషాలు ఉండేవి. గుండుకింత అని చూస్తే ఆ సమయం సమానమే. ఇప్పుడు ఇద్దరికీ డెబ్భై అయిదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ జంటగా కాల్చే పోటీ కూడా వచ్చింది. పారిస్‌లో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ ఆ జంట పోటీలోనే ఎయిర్ పిస్టల్‌లో కంచు పతకం తెచ్చారు.

పారిస్‌లోనే ఇంకో చిత్రం జరిగింది. స్త్రీల ఎయిర్ రైఫిల్ అర్హత పోటీలో దక్షిణ కొరియాకి చెందిన పదహారేళ్ళ బాన్ హ్యోజిన్ అరవై గుండ్లకి 634.5 మార్కులు సాధించింది. రైఫిల్‌కిప్పుడు దశాంశాల్లో లెక్క, ఒక్కో గుండుకి గరిష్ఠం 10.9. అక్కడే పురుషుల అర్హత పోటీలో అంత మార్కు ఎవరికీ రాలేదు. అరవై గుండ్లూ చేతికిచ్చాక లెక్క అలా తేలింది.

అయితే ఇప్పుడు అందరినీ కలిపేయమంటారా అని మీరు నన్ను నిలదీయవచ్చు. నేనైతే తొందరపడొద్దంటాను. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ ముందు అబ్బాయి చేతికే వెళ్ళే ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. తుపాకీ, కోచింగు ఫీజూ అంతకంటే ఖరీదైనవి. స్త్రీల పోటీ అంటూ ఒకటుంటేనే అమ్మాయికి ఆ ఖర్చు పెట్టడానికి తండ్రికీ ప్రభుత్వానికీ చెయ్యి వస్తుంది. కాబట్టి ఆ వర్గం ఉండాలి. ఉన్నది మాత్రం పూర్తిగా ఉండాలి. గుండ్లు తగ్గించి, మార్కులు తగ్గించి, పక్కన కూర్చోబెట్టి వడ్డించేదిగా ఉండకూడదు. పైమెట్టు ఎక్కగలిగినవాళ్ళకి దారి మూసేదిగా అసలే ఉండకూడదు.

గగన్ నారంగ్ మన హైదరాబాదులో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కంచు పతకం తెచ్చాడు. ఆ ఊరి పిల్లే ఈషా సింగ్. 2018లో తిరువనంతపురం జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్టల్ కాల్చేనాటికి ఆమెకి పదమూడేళ్ళు. చిన్నపిల్లవి, నీ వయసువాళ్ళతోనే కాల్చమని ఎవరైనా అని ఉంటే అక్కడికే ఆగిపోయేది. నిబంధనలు అలా అనలేదు. యూత్ వర్గంలో గెలిచింది, జూనియర్లలో గెలిచింది, పెద్దవాళ్ళ వర్గంలోనూ అప్పటికే పేరున్నవాళ్ళని దాటి గెలిచింది. ఆ మూడు వర్గాల్లోనూ పిస్టల్ టార్గెట్ ఒకటే, మధ్య వలయం అదే బొట్టుబిళ్ళంత.

రేపు మీ అమ్మాయి ఏ పోటీకో పేరిచ్చి ఇంటికొచ్చిందనుకోండి. ఫలితం ఏమైందని తర్వాత అడగవచ్చు. ముందు ఆ కాగితం చేతిలోకి తీసుకుని, అబ్బాయిలకి ఎన్ని ఇచ్చారో, అమ్మాయిలకి ఎన్ని ఇచ్చారో ఓసారి చదవండి. తేడా ఉంటే ఎందుకుందో వెళ్ళి అడగండి. నలభై అరవై కావడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది. మన పిల్లల విషయంలో అన్నేళ్ళు ఆగడానికి మనకి తీరిక లేదు.